ఏడాది పేరు పిల్లలకి అంటుకుంటుందా?

చిన్నమ్మడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఉగాది నాడు టీవీలో పంచాంగ శ్రవణం చూసినప్పటి నుంచి నీకు ఒకటే టెన్షన్ అని మీ అమ్మ కూడా చెప్పింది. నువ్వు 2014లో పుట్టావు, జయ నామ సంవత్సరం. వైశాఖంలో మీ ఇంటికి రాబోయే బుజ్జాయిది పరాభవ. "నాకేమో గెలుపు, బుజ్జికేమో ఓటమా? ఈ ఏడు పుట్టే పిల్లలందరూ అలాగే ఉంటారా తాతా, పేరు మార్చుకోవడం కుదరదా?" అని అడిగావు.

నేనూ పరాభవలోనే పుట్టాను తల్లీ, 1966 వైశాఖంలో. అరవై పేర్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చాయి, అందుకే మీ నాన్న షష్టిపూర్తి షష్టిపూర్తి అని రోజూ ఫోన్ చేస్తున్నాడు.

రాశిచక్రం అంటే పన్నెండు స్టాపులున్న బస్సు రూటు అనుకో, గుండ్రంగా తిరిగి బయలుదేరిన చోటికే వస్తుంది. చంద్రుడిది ఎక్స్‌ప్రెస్, ఒక్కో స్టాపులో రెండుంపావు రోజులే. సూర్యుడు నెల రోజులు ఉంటాడు, గురుడు సుమారు ఏడాది, శని రెండున్నరేళ్ళు. నువ్వు పుట్టేసరికి ఏ బస్సు ఏ స్టాపులో ఉందో అది నీ టికెట్ మీద పడుతుంది, జాతకం అంటే ఆ టికెట్టే. చంద్రుడి టికెట్ నీకూ నీ పక్క బెంచీ పిల్లకీ వేరుగా ఉండొచ్చు. శని టికెట్ మాత్రం దాదాపు మీ క్లాసు మొత్తానికి ఒకటే. ఒక తరం వాళ్ళందరికీ ఇలాంటి గుణాలు ఉంటాయని జ్యోతిష్కులు చెప్పేది ఈ నెమ్మది బస్సులను చూసే.

మన పెద్దవాళ్ళకి శనిది ఆఖరి బస్సు, ఎందుకంటే మామూలు కంటికి చక్కగా కనిపించేది అక్కడివరకే. పాశ్చాత్య జ్యోతిష్కులు ఇంకో మూడు కలిపారు. 1781లో హెర్షెల్ టెలిస్కోపులో చూసిన యురేనస్ స్టాపుకి ఏడేళ్ళు, 1846లో దొరికిన నెప్ట్యూన్ పద్నాలుగేళ్ళు. 1930లో దొరికిన ప్లూటో అయితే దారి బాగా కోలగా ఉండబట్టి ఒక స్టాపులో పన్నెండేళ్ళు, ఇంకో స్టాపులో ముప్ఫై ఏళ్ళు, అచ్చం పల్లెవెలుగు బస్సు, డ్రైవరు టీకి దిగితే మళ్ళీ ఎప్పుడెక్కుతాడో. వాళ్ళకి తరం అంటే ప్లూటో టికెట్టే. 2006లో శాస్త్రవేత్తలు ప్లూటోని గ్రహాల లిస్టులోంచి తీసేశారు, అంటే బస్సుకి పర్మిట్ పోయింది, అయినా టికెట్లు కొట్టడం మాత్రం ఆగలేదు. నేను పుట్టిన ఏడాది యురేనస్, ప్లూటో ఒకే చోట కలిశాయి కాబట్టి మా వయసు వాళ్ళు పుట్టు విప్లవకారులట! ఈ మాట మీ నానమ్మకి చదివి వినిపిస్తే, కాఫీలో పంచదార ఎక్కువైందని చెప్పడానికే భయపడే మనిషికి విప్లవం ఒకటా అంది.

మన అరవై ఏళ్ళ లెక్క కూడా ఈ రూటులోంచి వచ్చిందే. గురుడు ఐదు చుట్లు, శని రెండు చుట్లు తిరిగేసరికి ఇద్దరికీ సుమారు అరవై ఏళ్ళు పడుతుంది. మా మామ్మకి ఇంగ్లీషు సంవత్సరాలు తెలియవు, పెద్ద బావి తవ్వింది ఖర నామ సంవత్సరంలో, ఫలానా వాళ్ళ పెళ్ళి విజయలో అనేది. ఆవిడకి ఆ పేర్లు క్యాలెండరు, అంతే. ఇంకో తమాషా చెప్పనా? ఉత్తరాదిలో గురుడి నడకని బట్టి ఎనభై అయిదేళ్ళకో పేరు వదిలేస్తారు, మనం వదలం. అందుకే బుజ్జాయి విజయవాడలో పుడితే పరాభవ, అదే పూట కాశీలో పుడితే ఇంకేదో పేరు. రైలెక్కితే మారిపోయే ఓటమికి ఎందుకమ్మా భయం.

జపాన్ వాళ్ళకీ అరవై ఏళ్ళ చక్రమే ఉంది. అందులో ఒకటి అగ్ని గుర్రం సంవత్సరం, అప్పుడు పుట్టిన ఆడపిల్లలు మొగుళ్ళ ప్రాణం మీదకి తెస్తారని పాత నమ్మకం. 1965లో అక్కడ 18 లక్షల పైచిలుకు పిల్లలు పుడితే, అగ్ని గుర్రం వచ్చిన 1966లో దాదాపు 13 లక్షల 60 వేల మందే పుట్టారు, మర్నాటి ఏడు 19 లక్షలు దాటారు. భయపడి కనడం మానేశారన్నమాట. ఆ ఏడు పుట్టినవాళ్ళు నిజంగానే వేరే తరం అయ్యారు, ఎలాగంటే ముందు బ్యాచ్, వెనక బ్యాచ్ కంటే వాళ్ళు తక్కువమంది. గుర్రం ఏమీ చేయలేదు, చేసిందంతా పెద్దవాళ్ళ భయమే. ఈ ఏడు మళ్ళీ అగ్ని గుర్రమే, అంటే మన పరాభవే.

మా తరానికి కూడా ఒక గుణం ఉందిలే. మా ఊరు దివిసీమకి కాస్త పైన. 1977 నవంబరు 19, శనివారం, నాకు పదకొండేళ్ళు. ఆ ఉప్పెనలో వేల మంది పోయారు. మా పెంకులు విస్తరాకుల్లా ఎగిరిపోతుంటే బడి స్లాబు కింద ఊరంతా తెల్లవార్లూ ఒకళ్ళని ఒకళ్ళు పట్టుకుని కూర్చున్నాం. ఇప్పటికీ కార్తీకంలో రాత్రిపూట గాలి కొంచెం గట్టిగా వేసిందంటే నేను లేచి తలుపు గడియలు చూస్తాను, గుంటూరులో ఉన్న మా వాడొకడు అదే టైముకి ఫోన్ చేసి "పడుకున్నావురా?" అంటాడు. వాడు పుట్టింది పరాభవలో కాదు. దీన్ని ఏ స్టాపు టికెట్ అంటావు? మీ బ్యాచ్ కరోనా వల్ల ఒకటో తరగతి ఫోన్‌లో చదివింది, రేపు మీకూ ఏదో ఒకటి అలాగే మిగులుతుంది.

ఆ కరోనా ఏడాదే, 2020 డిసెంబరు 21న నిన్ను భుజాల మీద ఎక్కించుకుని గురుడూ శనీ అతుక్కుపోయినట్టు ఉండటం చూపించాను, గుర్తుందా? మళ్ళీ అంత దగ్గరగా రావడం 2080లో. నీకు అరవై అయిదు దాటుతాయి. నీ మనవలని భుజాల మీద మోయగలవో లేదో చూసుకో.

నేను పుట్టిన వైశాఖంలో గురుడు మిథునంలో, శని మీనంలో ఉన్నారు. బుజ్జాయికీ అంతే. అరవై ఏళ్ళు అంత దూరం తిరిగి ఇద్దరూ మళ్ళీ అవే స్టాపుల్లో ఎలా ఉన్నారా అని నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది, దానికి ఫలం ఏమిటని అడగాలని కూడా అనిపించదు. శని ఇప్పుడు సూర్యుడి పక్కన ఉండి కనపడడు. గురుడు మాత్రం చీకటి పడగానే సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మిణుకుమనడు, అంత పెద్ద చుక్క ఆ చుట్టుపక్కల ఇంకోటి లేదు. టెర్రస్ తాళం వాచ్‌మన్ దగ్గర అడిగి నాన్నని తీసుకెళ్ళు. బైనాక్యులర్స్ గోడకి ఆనించి కదలకుండా పట్టుకుంటే గురుడికి అటూ ఇటూ చిన్న చుక్కలు కనిపిస్తాయి, అవి ఆయన చందమామలు, నాలుగు దాకా ఉండొచ్చు. ఎటువైపు ఎన్ని ఉన్నాయో బొమ్మ గీసి నాకు వాట్సాప్‌లో పెట్టు, మర్నాడు మళ్ళీ గీసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు.

మీ తాతయ్య