మొలియేర్‌కు పాంథియాన్‌లో చోటు: మూడున్నర శతాబ్దాల పేచీ

2022 జనవరిలో ఫ్రాన్స్ తన 17వ శతాబ్దపు హాస్యనాటక రచయిత, నటుడు మొలియేర్ నాలుగు వందల ఏళ్ల జయంతి జరుపుకుంది. ఆ సందర్భంగా ఒక పాత డిమాండ్ మళ్లీ గట్టిగా వినిపించింది. పారిస్‌లోని పాంథియాన్‌లో ఆయనకు చోటివ్వాలని. దేశం తన మహనీయులను సమాధి చేసి గౌరవించే కట్టడం అది. వోల్టేర్, రూసో, విక్టర్ హ్యూగో, ఎమిల్ జోలా, అలెగ్జాండర్ డ్యూమా అక్కడే ఉన్నారు. ప్రసిద్ధ నటుడు ఫ్రాన్సిస్ ఉస్తేర్ ఈ కోరికను భుజాన వేసుకుని తిరిగాడు. అధ్యక్ష భవనం మాత్రం ఒప్పుకోలేదు. పాంథియాన్ ఫ్రెంచి విప్లవం, దానికి దారితీసిన 18వ శతాబ్దపు హేతువాద భావాల నుంచి పుట్టిన లౌకిక మందిరమని, ఆ భావాలకు ముందు కాలంవాళ్లను అందులోకి తీసుకునే ఆనవాయితీ లేదని చెప్పింది.

పైకి చూస్తే ఇది తేదీల గొడవ. దాని వెనక ఉన్న చరిత్ర తెలిస్తే, ఆ కోరికలో అంత ఆవేశం ఎందుకుందో అర్థమవుతుంది. రచయితగా మొలియేర్ గొప్పతనాన్ని అక్కడ ఎవరూ కాదనరు. ఆయన ప్రహసనాలు ఎన్నో దేశాలు దాటాయి, భమిడిపాటి కామేశ్వరరావు చేతుల మీదుగా తెలుగు ఇళ్లలోకీ వచ్చాయి. ఫ్రాన్స్ బాకీ పడింది రచయితకు కాదు. వేషం కట్టి, జనాన్ని నవ్వించి, ఆ పని చేసినందుకే పూడ్చడానికి చోటు దొరకని నటుడికి.

ఆయన అసలు పేరు జాన్ బాతిస్త్ పోక్లాన్. తండ్రి రాజుగారి కొలువులో పరుపులు, తెరలు, గృహాలంకరణ చూసే హోదా ఉన్నవాడు. ఆ వారసత్వాన్ని పక్కనపెట్టి కొడుకు 1643లో బెజార్ కుటుంబంతో కలిసి నాటక బృందం పెట్టాడు. బృందం అప్పుల్లో కూరుకుపోయింది, రెండేళ్లకే జైలు చూశాడు. ఆ తర్వాత పన్నెండు పదమూడేళ్లు ఊరూరా తిరిగి ఆడాడు. 1658 అక్టోబర్ 24న లూవ్ర్ రాజభవనంలో కుర్రరాజు 14వ లూయీ ముందు ఆడి మెప్పించాక దశ తిరిగింది.

రాజు ఆదరణ ఎంతవరకు వెళ్లిందంటే, 1664లో మొలియేర్ మొదటి బిడ్డకు ఆయనే జ్ఞానతండ్రి (బాప్తిస్మంలో బిడ్డ బాధ్యత తీసుకునే పెద్ద) అయ్యాడు. అదే ఏడాది మే నెలలో వెర్సాయ్‌లో 'తార్తుఫ్' ప్రదర్శన జరిగింది. భక్తి ముసుగులో ఒక ఇంటిని దోచుకునే కపటి కథ అది. మతపెద్దలు భగ్గుమన్నారు. రచయితను సజీవంగా దహనం చేయాలని ఒక పాదిరి కరపత్రమే అచ్చువేశాడు. రాజు స్వయంగా మెచ్చుకున్నా బహిరంగ ప్రదర్శన ఆపించక తప్పలేదు. 1667లో పేరు మార్చి ఆడితే ఒక్క ఆటతో మళ్లీ నిషేధం పడింది. దాన్ని చూసినా, చదివినా, చదవగా విన్నా వెలి తప్పదని పారిస్ ఆర్చిబిషప్ హెచ్చరించాడు. చివరికి 1669 ఫిబ్రవరి 5న అనుమతి వచ్చింది. మతపెద్దలు మాత్రం ఆ సంగతి మరిచిపోలేదు.

1673 ఫిబ్రవరి 17న 'రోగభ్రమ' నాటకం నాలుగో ప్రదర్శన. లేని జబ్బును ఊహించుకుని డాక్టర్ల చుట్టూ తిరిగే మనిషి వేషం కట్టింది నిజంగానే ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న మొలియేర్. చివరి దృశ్యంలో ఒళ్లు కొంకర్లు పోయింది. దాన్ని నవ్వుతో కప్పిపుచ్చి ఆట పూర్తిచేశాడు. స్టేజీ మీదే చనిపోయాడని చాలామంది అనుకుంటారు గానీ, ప్రాణం పోయింది రిష్లియూ వీధిలోని తన ఇంట్లో, అదే రాత్రి, దగ్గుతో రక్తం కక్కుకుంటూ. చివరి గడియల్లో ఫాదర్ కోసం కబురు పంపారు. సెయింట్ యూస్టాష్ చర్చి నుంచి ఇద్దరు రామన్నారు. మూడో ఆయన వచ్చేసరికి అంతా అయిపోయింది.

అప్పట్లో నటులు చనిపోయే ముందు తమ వృత్తిని వదులుకుంటున్నట్టు ప్రకటిస్తేనే చర్చి భూమిలో చోటు. మొలియేర్ తొలి సహచరి, నటి మదలెన్ బెజార్ సరిగ్గా ఏడాది ముందు, అదే ఫిబ్రవరి 17న చనిపోయింది. ముందే ఆ కాగితం మీద సంతకం పెట్టింది కాబట్టి ఆమెకు సవ్యంగా సమాధి దక్కింది. మొలియేర్‌కు ఆ వ్యవధి చిక్కలేదు. విచారణ గురువు, అంటే ఆ పేట చర్చి ఫాదర్, భూమి ఇవ్వనన్నాడు. భార్య ఆర్మాండ్ ఆర్చిబిషప్‌కు అర్జీ పెట్టుకుంది, రాజు కాళ్ల మీద పడింది. చివరికి షరతులతో అనుమతి వచ్చింది. పగటి వేళ కాకూడదు, ఇద్దరు ఫాదర్లకు మించకూడదు, ఘనంగా పూజలు చేయకూడదు. ఫిబ్రవరి 21 రాత్రి సెయింట్ జోసెఫ్ శ్మశానంలో పూడ్చారు. చర్చి రిజిస్టర్లో ఆయన్ను రాజుగారి గృహాలంకరణ ఉద్యోగిగా రాసుకున్నారు. నటుడన్న మాట అందులో లేదు. తండ్రి నుంచి వచ్చిన హోదా మిగిలింది, బతుకంతా చేసిన పని మాయమైంది. ఈ మొత్తం కథలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఆ రిజిస్టరే.

ఈ వెలికి మూలం చాలా పాతది. 314లో ఆర్ల్ నగరంలో కూడిన మతసభ, రంగస్థలం వదలని నటులను ప్రార్థనా సమాజం నుంచి బయటపెట్టింది. అది రోమన్ల కాలపు ఆటపాటలను దృష్టిలో పెట్టుకుని చేసిన నిర్ణయం. ఇటలీలో కాలక్రమేణా దాన్ని పట్టించుకోవడం మానేశారు. ఫ్రెంచి చర్చి మాత్రం వదల్లేదు. పైగా దాని అమలు ఒక తీరున లేదు. పారిస్‌లోనే ఆడే ఇటాలియన్ నటులకు ఈ బాధ లేదు. అకాడమీ పేరుతో నడిచే ఒపేరాలో పాడేవాళ్లకూ లేదు. నాటకం రాసినవాడికి అసలే లేదు. నాటక రచయిత రసీన్ 1673 జనవరిలో, అంటే మొలియేర్ పోవడానికి నెల ముందు, భాషాసాహిత్యాల అత్యున్నత సంస్థ అయిన ఫ్రెంచి అకాడమీలో దర్జాగా అడుగుపెట్టాడు. కలం పట్టినవాడికి సింహాసనం, ఆ మాటల్నే నోటితో పలికినవాడికి వెలి. మొలియేర్ రెండూ చేశాడు కాబట్టి అకాడమీ గడప తొక్కలేకపోయాడు.

1680లో రాజు ఆజ్ఞతో పారిస్ బృందాలు కలిసి కోమెదీ ఫ్రాన్సేజ్ ఏర్పడింది. దేశపు ప్రధాన నాటకశాల రాజు సొమ్ముతో నడుస్తోంది, అందులో ఆడేవాళ్లు మాత్రం దేవుడికి దూరం. అలా ఇంకో వందేళ్లు గడిచాయి. 1694లో బిషప్ బొస్యుయే నాటకాల మీద ఒక పుస్తకం రాస్తూ, చనిపోయిన మొలియేర్‌ను కూడా వదల్లేదు. వేదిక మీది హాస్యం నుంచి నేరుగా దేవుడి తీర్పు ముందుకు వెళ్లాడని ఎత్తిపొడిచాడు.

1730 మార్చిలో ఆద్రియెన్ లకూవ్రర్ చనిపోయింది. ఆ తరానికి ఆమెను మించిన నటి లేదు. సెయింట్ సుల్పీస్ విచారణ గురువు భూమి ఇవ్వలేదు. రాత్రికి రాత్రి సేన్ నది దగ్గర ఒక ఖాళీ స్థలంలో గొయ్యి తీసి, సున్నం పోసి పూడ్చేశారు. ఆమె ప్రాణం పోయేటప్పుడు పక్కనే ఉన్న వోల్టేర్ ఆ కోపంతో కవిత రాశాడు. అదే ఏడాది లండన్‌లో చనిపోయిన నటి ఆన్ ఓల్డ్‌ఫీల్డ్‌ను వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేశారని తన లేఖల పుస్తకంలో గుర్తుచేసి మరీ సిగ్గుపడేలా చేశాడు. 1761లో నటి క్లెరాన్ ప్రోత్సాహంతో ఒక లాయర్ నటుల వెలికి వ్యతిరేకంగా పుస్తకం రాస్తే, పుస్తకాన్ని తగలబెట్టించి, ఆయన్ను వృత్తి నుంచి తొలగించారు.

అకాడమీ 1778లో మొలియేర్ ప్రతిమను తన మందిరంలో పెట్టుకుంది. ఆయన కీర్తికి ఏ లోటూ లేదు, మా కీర్తికే ఆయన లోటు అన్న అర్థం వచ్చే పంక్తిని దానికింద చెక్కించింది. బతికున్నప్పుడు ఇవ్వని కుర్చీకి బదులు వందేళ్ల తర్వాత ఒక రాతిబొమ్మ!

చట్టం మారింది విప్లవంతోనే. 1789 డిసెంబర్‌లో జాతీయ సభ నటుల హక్కుల మీద చర్చించింది. ప్రొటెస్టెంట్లు, యూదులు, తలారులు, నటులు, ఈ నలుగురినీ పౌరులుగా ఒప్పుకోవాలా వద్దా అన్నది ఒకే చర్చ. తలారి పక్కన నటుడిని నిలబెట్టి మాట్లాడారంటే సమాజంలో వాళ్ల స్థానం ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. నటులకు పౌరహక్కులు వచ్చాయి. చర్చి మాత్రం దిగిరాలేదు. మరుసటి ఏడాది నటుడు తల్మా పెళ్లి చేసుకుంటానంటే సెయింట్ సుల్పీస్‌లో కుదరదన్నారు, అతను జాతీయ సభకే ఫిర్యాదు చేశాడు. 1792 సెప్టెంబర్‌లో పెళ్లి, చావు, పుట్టుక నమోదు ప్రభుత్వం చేతికి వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. అయినా 1815 జనవరిలో నటి రోకూర్ శవపేటికకు సెయింట్ రోష్ చర్చి తలుపులు మూసుకున్నాయి. ఈసారి జనం ఊరుకోలేదు, తలుపులు బద్దలుకొట్టారు. రాజు ఆదేశంతో అంత్యక్రియలు జరిగాయి. వెలిని ఎత్తేస్తూ మతసభ నిర్ణయం రావడానికి 1849 దాకా పట్టింది.

ఇక అస్థికల సంగతి. 1792లో విప్లవకారులు సెయింట్ జోసెఫ్ శ్మశానం తవ్వి మొలియేర్‌వీ, నీతికథల కవి లఫాంతేన్‌వీ అనుకున్న ఎముకలు బయటికి తీశారు. లఫాంతేన్‌ను పూడ్చింది అసలు ఆ శ్మశానంలోనే కాదు. మొలియేర్ గొయ్యి ఎక్కడో కూడా కచ్చితంగా తేలలేదు. ఆ ఎముకలు కొన్నాళ్లు మ్యూజియంలో ఉండి, 1817లో పేర్ లషేజ్ శ్మశానానికి చేరాయి. ఈనాటికీ అభిమానులు పూలు పెట్టేది ఆ సమాధి మీదే.

ఎముకల మీద అనుమానం ఉంది కాబట్టి పాంథియాన్ కుదరదనే వాదన నిలవదు. 2021 నవంబర్‌లో జోసెఫిన్ బేకర్‌ను పాంథియాన్‌లోకి తీసుకున్నప్పుడు పేటికలో ఉన్నది ఆమె బతికిన చోట్ల నుంచి తెచ్చిన మట్టి. శరీరం మొనాకోలోనే ఉంది. పాటలు, నాట్యంతో బతికిన ఒక స్టేజీ కళాకారిణికి ఆ గౌరవం దక్కడం చూసే, మరుసటి నెలల్లో మొలియేర్ పక్షం వాళ్లకు ఆశ పెరిగింది. తేదీల వాదనకు కొంత బలం ఉందని ఒప్పుకోవాలి. రాజు నీడలో, రాజు సొమ్ముతో ఎదిగినవాడిని గణతంత్రం తన మందిరంలో పెట్టుకోవడం ఇబ్బందే. అయితే విప్లవకారులకే ఆ గీత లేదు. 1650లో చనిపోయిన తత్వవేత్త దెకార్త్‌ను పాంథియాన్‌కు తేవాలని వాళ్ల చట్టసభ కన్వెన్షన్ 1793లో తీర్మానించింది. అది అమలు కాలేదు, అంతే. నటుడిని మనిషిగా, పౌరుడిగా మొదట గుర్తించింది కూడా ఆ విప్లవమే. ఆ లెక్కన మొలియేర్ ఆ మందిరానికి పరాయివాడేమీ కాదని నా నమ్మకం. ఎవరికి చోటివ్వాలో తేల్చేది ఇప్పుడు దేశాధ్యక్షుడే కాబట్టి, ఒక అధ్యక్షుడు కాదన్నదాన్ని తర్వాతి అధ్యక్షుడు అవుననడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.