పెట్రోలు మిగిలితే పొగ తగ్గినట్టేనా? హైబ్రిడ్ కార్ల మార్పులపై అపోహలు - వాస్తవాలు

కడపలో రాయచోటి రోడ్డు పక్కనున్న నా షెడ్డుకు హైబ్రిడ్ కార్లు (పెట్రోలు ఇంజినుతో పాటు బ్యాటరీతో నడిచే మోటారు కూడా ఉన్నవి) తెచ్చేవారిలో ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే: కంపెనీ చెప్పిన మైలేజీ రావడం లేదు, ఏదైనా మార్పు చేసి పెంచగలరా అని. మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ కార్లలో పూర్తి హైబ్రిడ్ రకానికి ధ్రువీకరించిన మైలేజీ లీటరుకు 27.97 కిలోమీటర్లు. అది ప్రయోగశాలలో రోలర్ల మీద, ముందే నిర్ణయించిన వేగాల క్రమంలో తేలిన అంకె. మే నెల మధ్యాహ్నం ఏసీ వేసుకుని ఐదుగురితో ప్రొద్దుటూరు వెళ్లి వచ్చే కారు అదే అంకె ఇవ్వాలని ఆశించడం నుంచి సగం అపోహలు పుడుతున్నాయి. తక్కిన సగం, పెట్రోలు మిగలడమూ పొగ శుభ్రంగా ఉండడమూ ఒకటేనన్న నమ్మకం నుంచి వస్తున్నాయి.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఆ ఒక్క వాయువు విషయంలో పెట్రోలు తగ్గితే అదీ తగ్గుతుందన్న మాట నిజమే. అయితే మనిషి ఊపిరికి నేరుగా చేటు చేసే కార్బన్ మోనాక్సైడ్, సగం కాలిన హైడ్రోకార్బన్లు, నత్రజని ఆక్సైడ్ల లెక్క వేరు. అవి ఎంత పెట్రోలు కాలిందన్నదానికంటే, ఏ పాళ్లలో గాలితో కలిసి కాలింది, ఆ క్షణంలో పొగ గొట్టంలో విషవాయువులను శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టరు అనే డబ్బా ఎంత వేడిగా ఉంది అన్నవాటి మీదే ఎక్కువగా ఆధారపడతాయి.

అపోహ: పొద్దున కారు నిలబడి ఉండగానే ఇంజిన్ తిరగడం వట్టి దండగ, దాన్ని ఆపిస్తే మైలేజీ పెరుగుతుంది.

ఈ అపోహ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నా దగ్గరకు వచ్చిన చిక్కుల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ఇదే. కన్వర్టరులోని ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడికి చేరితే తప్ప పని మొదలుపెట్టదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు కనుక కారులోని కంప్యూటర్ కొంచెం ఎక్కువగా చిమ్ముతుంది, అందులో కాలని భాగం చల్లటి కన్వర్టరు గుండా అలాగే బయటికి పోతుంది. ఒక ప్రయాణంలో వెలువడే హైడ్రోకార్బన్లలో పెద్ద వాటా ఈ మొదటి ఒకటి రెండు నిమిషాల్లోనే పోయేది. అందుకే హైబ్రిడ్ కారులో కంప్యూటర్ బండిని మోటారుతో నడిపిస్తూనే, ఇంజినుకు బరువు పెట్టకుండా, స్పార్కును కావాలని ఆలస్యం చేసి, వేడి పొగను కన్వర్టరుకు పంపుతుంది. పెట్రోలు ఖర్చవుతున్న మాట వాస్తవమే. కానీ ఆ ఖర్చు దారిని నడవడానికి కాదు, పొగను కడగడానికి.

ఒక డిసెంబరు ఉదయం ఇంజిన్ దీపం వెలిగిందని ఒక మాస్టారు కారు తెచ్చి రాత్రికి షెడ్డులోనే వదిలి వెళ్లారు. మరునాడు ఇంజిన్ వేయకముందే స్కానరు పెట్టి చూస్తే లోపలికి వచ్చే గాలి 22 డిగ్రీలు, కూలెంటు (ఇంజినును చల్లబరిచే ద్రవం) 61 డిగ్రీలు అని చూపింది. రేడియేటరు మీద చెయ్యి పెడితే కుండలో నీళ్లంత చల్లగా ఉంది. కూలెంటు సెన్సరు తీగ వెంబడి వెతుక్కుంటూ పోతే, నల్లటేపు చుట్టిన చోట గోరంత రెసిస్టరు ఒకటి రెండు తీగల మధ్య సోల్డరు చేసి కనిపించింది. ఈ సెన్సరు వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. పక్కన మరో రెసిస్టరు కలిపితే మొత్తం నిరోధం తగ్గి, చల్లటి ఇంజిన్ వేడిగా ఉన్నట్టు కంప్యూటర్ మోసపోతుంది.

"వేరే ఊర్లో ఒకాయప్ప పెట్టిచ్చినాడు సార్, రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తాదని చెప్పినాడు," అన్నారు మాస్టారు.

ఆ మార్పు వల్ల జరిగింది ఏమిటంటే, కన్వర్టరు కాగకముందే ఇంజిన్ ఆగిపోయేది, కాసేపటికి మళ్లీ చల్లగానే మొదలయ్యేది, ఆ విధంగా ప్రతి చిన్న ప్రయాణమూ మొదటి నిమిషంలాగే మురికిగా సాగేది. పైగా నిజంగా వేడెక్కాక కూడా ఉన్నదానికంటే ఎక్కువ వేడి చూపిస్తూ ఉండటంతో ఫ్యాను అదేపనిగా తిరిగి బ్యాటరీని తినేది. రెసిస్టరు తీసేసి, తీగ సరిచేసి, కంప్యూటర్‌లో నమోదైన లోపం కోడు చెరిపేశాను. మాస్టారు రాసుకునే పెట్రోలు పుస్తకంలో తరువాతి నెల లెక్కకూ ముందు నెలల లెక్కకూ పట్టి చూపించదగ్గ తేడా లేదు.

అపోహ: గాలి పాలు పెంచి రీమ్యాప్ చేస్తే (అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మారిస్తే), కన్వర్టరు తీసేస్తే పెట్రోలు ఆదా, పొగా తక్కువే.

పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్లు బరువులో కలిసినప్పుడే కన్వర్టరు మూడు విషవాయువులనూ ఒకేసారి శుభ్రం చేయగలదు. ఇథనాలు కలిపిన పెట్రోలుకు ఆ అంకె ఇంకాస్త తక్కువ. గాలి పెంచితే పెట్రోలు కొంత మిగలవచ్చు, కాని పొగలో ఆక్సిజన్ మిగిలిపోయి నత్రజని ఆక్సైడ్లను విడగొట్టే పని ఆగిపోతుంది. మన దేశపు వాహన కాలుష్య ప్రమాణమైన బీఎస్-6 ప్రకారం పెట్రోలు కారు నుంచి కిలోమీటరుకు 60 మిల్లీగ్రాములకు మించి నత్రజని ఆక్సైడ్లు రాకూడదు; కన్వర్టరు పూర్తిగా పనిచేస్తేనే ఆ పరిమితి సాధ్యం. ఇక కన్వర్టరునే తీసేయడం సంగతి చెప్పనక్కర్లేదు. హైబ్రిడ్ ఇంజిన్ ఎక్కువసేపు మధ్యస్థ వేగంలోనే తిరుగుతుంది కనుక పొగ అడ్డు తొలగినందువల్ల కలిసొచ్చే లాభం లెక్కలోకి రాదు. విదేశాల్లో టయోటా ప్రియస్ అనే హైబ్రిడ్ కార్ల కింద దూరి దొంగలు కోసుకుపోయే ఆ విలువైన లోహపు డబ్బాను మన దగ్గర యజమానులే విప్పించి పాతసామాన్లకు వేస్తుంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

అపోహ: ఈవీ బటన్ (బ్యాటరీతోనే నడిపించేది) నొక్కి నడిపినంత దూరం ఉచితం, అదనపు బ్యాటరీ పెట్టిస్తే ఇంకా లాభం.

ప్లగ్గు లేని హైబ్రిడ్‌లో బ్యాటరీలోని ప్రతి యూనిట్టూ ఎప్పుడో కాలిన పెట్రోలు నుంచి వచ్చిందే. హైరైడర్ బ్యాటరీ సామర్థ్యం 0.76 యూనిట్లు (కిలోవాట్ అవర్లు), లీటరు పెట్రోలులో ఉన్న శక్తి సుమారు 9 యూనిట్లు. బటన్ నొక్కి బ్యాటరీని ఖాళీ చేస్తే, ఇంజిన్ తరువాత దాన్ని నింపక తప్పదు, నింపేటప్పుడూ వాడేటప్పుడూ కొంత నష్టపోకా తప్పదు. బయటి కరెంటుతో నింపే అదనపు బ్యాటరీ విషయం వేరు, అందులో పెట్రోలు నిజంగానే మిగులుతుంది. కానీ ఇంజిన్ చాలాసేపు ఆగి ఉండటంతో కన్వర్టరు చల్లబడిపోతుంది, హైవే మీద గట్టిగా తొక్కగానే చల్లటి ఇంజిన్ ఒక్కసారిగా పూర్తి బరువు మీద లేస్తుంది. ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బా కూడా ఇంజిన్ తిరిగినప్పుడే ఖాళీ అవుతుంది. అది నిండిపోతే ఆవిరి గాలిలో కలుస్తుంది. ఈ కారణాల చేతనే క్యాలిఫోర్నియా వాయు వనరుల మండలి 2009లో ఇటువంటి మార్పిడి కిట్లకు ఉద్గార పరీక్షలు తప్పనిసరి చేసింది. ఇవి చాలక, వందల వోల్టుల తీగల మీద అనుభవం లేని చేయి పడటం నాకున్న పెద్ద భయం.

అపోహ: గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు ఇంజిన్ అరవడం అంటే పెట్రోలు కారిపోవడమే.

రాయచోటి వైపు నుంచి కడపకు దిగేవారు తరచూ చేసే ఫిర్యాదు ఇది, నిజం దీనికి సరిగ్గా తలకిందులు. మొదటి మలుపుల్లోనే దిగుడు శక్తితో బ్యాటరీ నిండిపోతుంది, ఇక పట్టే చోటు లేక కంప్యూటర్ ఇంజినును ఊరికే తిప్పి ఆ శక్తిని ఖర్చు చేస్తుంది. అప్పుడు ఇంజెక్టర్లు మూసే ఉంటాయి. స్కానరు పెట్టుకుని ఆ ఘాటు దిగి చూశాను: ఇంజిన్ జోరుగా తిరుగుతోంది, పెట్రోలు చిమ్మడం సున్నా. ఆ శబ్దాన్ని "తగ్గించమని" అడిగినవారికి నేను చేసే మార్పు ఏదీ లేదు.

స్టీరింగు కింది సాకెట్‌లో గుచ్చే మైలేజీ డబ్బాల గురించి ఒక్క మాట చాలు. విప్పిన ఒకదానిలో దీపాలూ, వాటిని మెరిపించే చిన్న చిప్పూ తప్ప కారుతో మాట్లాడే భాగమే లేదు. ఇంజిన్ త్వరగా కాగేందుకు ముందు జాలీకి అట్ట కట్టడం చలిదేశాల చిట్కా. 42 డిగ్రీల కడపలో అది, బ్యాటరీ కరెంటును మోటారుకు తగ్గట్టు మార్చే ఇన్వర్టరును ఉడికించడమే.

అపోహ: పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కాబట్టి నా మార్పు సరైనదే.

ఆ పరీక్ష వేడెక్కిన ఇంజిన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్‌నూ హైడ్రోకార్బన్లనూ చూస్తుంది, నత్రజని ఆక్సైడ్లను చూడదు, పొద్దుటి చల్లటి మొదటి నిమిషాన్ని అసలే చూడదు. హైబ్రిడ్ కారు నిలబడగానే ఇంజిన్ ఆగిపోతుంది కనుక, సర్వీసు పద్ధతిలో దాన్ని తిరగనిస్తేనే పరీక్ష చేసినట్టు. చట్టం సంగతికొస్తే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు పడే అవకాశం ఉంది.

మైలేజీ పెంచమని వచ్చినవారికి నేను మొదట చేసే పని చాలామందికి నిరాశ కలిగిస్తుంది. సీటు పక్కన బ్యాటరీకి గాలి పీల్చే జాలీని ఊడదీస్తాను. సిమెంటు ఫ్యాక్టరీలున్న ఎర్రగుంట్ల వైపు తిరిగే కార్లలో ఆ ఫిల్టరు బూడిదరంగు నూలుగుడ్డలా బిగిసి ఉంటుంది, గాలి అందక బ్యాటరీ కాగిపోతుంది, కంప్యూటర్ దాన్ని కాపాడటానికి మోటారు వాడకం తగ్గించి ఇంజిన్ మీద భారం వేస్తుంది. దులిపి బిగించడానికి పట్టేది పావుగంట. తరువాత టైర్ల గాలి, అదీ ఎండలో తిరిగి వచ్చాక కాకుండా పొద్దున బండి కదలకముందు చూడాలి. ఆ మాస్టారి కారులోనూ రెసిస్టరు తీసిన రోజునే ఈ రెండూ చూశాను. ఎడమ వెనక టైరులో ఉండాల్సిన 33కు బదులు 24 ఉంది.