హార్లెం షోంబర్గ్ సెంటర్, పాత కాగితాలు: కొన్ని అపోహలు - వాస్తవాలు

అపోహ: నల్లజాతీయుల చరిత్రకు రాతలో ఆధారాలు పెద్దగా లేవు.

వాస్తవం: ఆధారాలు ఉన్నాయి, ఏరి దాచినవాళ్లే తక్కువ. పోర్టోరికోలో పుట్టిన అర్టూరో షోంబర్గ్ బ్యాంకులో ఉద్యోగం చేసుకుంటూనే 5,000కు పైగా పుస్తకాలు, 3,000 రాతప్రతులు, వేలాది కరపత్రాలు కూడబెట్టారు. 1926లో కార్నెగీ కార్పొరేషన్ ఇచ్చిన 10,000 డాలర్లతో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాటిని కొని, న్యూయార్క్ నగరంలోని హార్లెం ప్రాంతంలో ఉన్న తన 135వ వీధి శాఖకు చేర్చింది. నల్లజాతీయుల చరిత్ర, సంస్కృతుల పరిశోధన గ్రంథాలయమైన ఈనాటి షోంబర్గ్ సెంటర్‌కు పునాది అదే.

అపోహ: పాత కాగితం ముట్టుకోవాలంటే తెల్ల గ్లౌజులు ఉండాలి.

వాస్తవం: అది సినిమాల్లో. నూలు గ్లౌజు తొడిగితే వేళ్లకు కాగితం మందం తెలియదు, పెళుసు అంచు దారాలకు చిక్కి చిరుగుతుంది. సబ్బుతో కడిగి బాగా ఆరబెట్టిన చేతులు చాలు. ఫొటోలకు, నెగటివ్‌లకు మాత్రం నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) గ్లౌజులు వాడాలి. చెమట ముద్ర పడితే పోదు.

అపోహ: లామినేట్ చేయిస్తే శాశ్వతం.

వాస్తవం: ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. పత్రికలు, సభల కరపత్రాలు చాలావరకు చవక కలపగుజ్జు కాగితం మీద అచ్చయినవి. అందులోని లిగ్నిన్ (కలపకు గట్టిదనం ఇచ్చే పదార్థం) వెలుతురుకు పసుపెక్కుతుంది, ఆమ్లం పీచును తెంచుతుంది. లామినేషన్ ఆ ఆమ్లాన్ని లోపలే బంధిస్తుంది. వేడికి అతుక్కున్న ప్లాస్టిక్‌ను తర్వాత ఊడదీయడం దాదాపు అసాధ్యం.

పద్ధతి ఇది: ముందు గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. పత్రికా కత్తిరింపులను వేరే కాగితాలకు తగలనివ్వకూడదు, వాటి ఆమ్లం పక్కవాటికి పాకుతుంది. ఆమ్లం లేని ఫోల్డర్‌లో ఒక్కొక్కటీ విడిగా పెట్టాలి. కవరు కావాలంటే పాలియెస్టర్‌దే; పీవీసీ ప్లాస్టిక్ వద్దు. చిరుగులకు పల్చటి, గట్టి పీచున్న జపాన్ కాగితం, గోధుమ గంజి జిగురు. సెల్లోటేపు వేశారా, జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక మిగులుతుంది. గది 18-20 డిగ్రీల్లో, తేమ 35-50 శాతంలో ఉండాలి. అంకె కంటే నిలకడ ముఖ్యం: రోజూ ఎక్కి దిగే తేమకు కాగితం సాగి ముడుచుకుని త్వరగా అరుగుతుంది.

అపోహ: స్కాన్ చేశాక అసలు ప్రతి అక్కర్లేదు.

వాస్తవం: ఫొటో వెనక ఉన్న స్టూడియో ముద్ర, పెన్సిల్‌తో రాసిన పేర్లు చాలా స్కాన్లలో రావు. అందుకే రెండు వైపులా స్కాన్ చేయాలి. 1925-74 నాటి కత్తిరింపుల ఫైలును షోంబర్గ్ వాళ్లు పేజీలను బాగా చిన్నవి చేసి ఫిల్మ్ రేకు మీద దాచే మైక్రోఫిష్‌కెక్కించారు. చదవడానికి అది చాలు, కాగితం రకం, రంగు తెలుసుకోవాలంటే చాలదు.

ఇక షోంబర్గ్ సెంటర్‌లో పండితులకే ప్రవేశం అన్నది కూడా అపోహే. పుస్తకాలు ఇంటికి ఇవ్వరు, అక్కడే చదువుకోవాలి. రాతప్రతులు చూడాలంటే ముందుగా సమయం తీసుకుని వెళ్లాలి. నోట్సుకు పెన్సిల్ తీసుకెళ్లండి, పెన్ను పనికిరాదు.