మొనదేలిన రాయల్లా రాతి గొడ్డలేనా?

ఇంటి ముందు పోయించిన ర్యాంపు ఇసుకలో మా మేనల్లుడికి ఓ రాయి దొరికింది, అరచేతిలో సరిగ్గా ఇమిడింది, ఓ చివర మొన, రెండు పక్కలా పలచటి అంచు, "మావయ్యా, ఇది ఆదిమానవుల గొడ్డలే కదా" అంటుంటే వాడి మొహం వెలిగిపోతోంది. నేను అంచు మీద వేలు పెట్టి చూశాను. మొనతో సహా అంతా సబ్బుబిళ్ళలా అరిగిపోయింది, మనిషి కొట్టి చెక్కితే పెచ్చు లేచి మిగిలే గుంట ఒక్కటీ లేదు. గోదారి దొర్లించి దొర్లించి నున్నగా చేసిన రాయిరా అన్నాను, నమ్మలేదు. వాడి తప్పేం లేదు, రాయిని మనిషి చెక్కాడా, ప్రకృతే అలా చేసిందా అన్న విషయం మీద పెద్ద పెద్ద సైంటిస్టులే ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు.

మన దేశంలో ఈ కథ 1863 మే 30న మొదలైంది. జియాలజికల్ సర్వేలో పనిచేసే రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి మద్రాసు పక్కన పల్లవరంలో చేగొడ్డలి, అంటే పిడి లేకుండా చేత్తోనే పట్టుకుని వాడే రాతి గొడ్డలి, దొరికింది. అంతకు నాలుగేళ్ళ ముందే ఫ్రాన్స్‌లో సోమ్ నది గులకల్లో దొరికినవి మనుషులు చేసినవేనని ఇంగ్లండ్ నుంచి వెళ్ళిన పెద్దలు ఒప్పుకున్నారు, ఆ కబురు తెలిసినవాడు కాబట్టే ఆయన కన్ను ఆ రాయి దగ్గర ఆగింది.

అసలు గొడవ తర్వాత వచ్చింది. ఇంగ్లండ్‌లో కెంట్ ప్రాంతంలో కిరాణా కొట్టు నడిపే బెంజమిన్ హారిసన్ అంచులు చిట్లిన మొరటు చెకుముకి రాళ్ళు పోగేసి ఇవి ఇంకా పాత మనుషుల పనిముట్లన్నాడు, ప్రెస్ట్‌విచ్ లాంటి పేరున్న జియాలజిస్టు కూడా ఆయన పక్షమే. వాటికి ఇయోలిత్‌లని పేరు. 1905లో మార్సెలిన్ బూల్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఫ్రాన్స్‌లో మాంత్ దగ్గర ఓ సిమెంటు ఫ్యాక్టరీకెళ్ళి చూస్తే, సుద్దని నీళ్ళలో కలియతిప్పే తొట్లలోంచి అచ్చం అలాంటి రాళ్ళే బయటికొస్తున్నాయి! ఏ మనిషీ చెక్కలేదు, రాళ్ళు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయంతే. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చిన పరిశీలన ఇదే. 1939లో ఆల్ఫ్రెడ్ బార్న్స్ ఇంకో మెట్టు ఎక్కాడు, ఒక్క రాయిని కాదు, గుట్ట మొత్తాన్ని తీసుకుని పెచ్చులు లేచిన కోణాలు కొలిచాడు. మనిషి దెబ్బ ఎక్కువగా 90 డిగ్రీల లోపు అంచు మీదే పడుతుంది, ప్రకృతికి ఆ పట్టింపు లేదు.

సుత్తిరాయితో కొట్టి లేపిన పెచ్చుకి లోపలివైపు దెబ్బ తగిలిన చోట చిన్న ఉబ్బు ఉంటుంది, అక్కణ్ణుంచి చెరువులో రాయేస్తే లేచే అలల్లా గీతలు పాకుతాయి. కానీ క్రషర్‌లో నలిగిన కంకరకీ ఆ ఉబ్బు రావచ్చు, అందుకే ఒక పెచ్చు పక్కనే ఇంకోటి, ఒక వరసలో, ఒక ఉద్దేశంతో తీశారా అని చూడాలి.

ఇంక మన డెల్టా సంగతి. కోనసీమలో ఎంత తవ్వినా ఒండ్రూ ఇసుకే, ఈ నేల చాలావరకు గత కొన్ని వేల ఏళ్ళలో గోదారి తెచ్చి పోసిందే, అంటే లక్షల ఏళ్ళ నాటి గొడ్డలి ఇక్కడ కూర్చుని చేసే వీలే లేదు, దొరికిందంటే నీళ్ళలో వచ్చి ఉండాలి లేదా లారీలో. అలాగని గోదారి వాళ్ళకి ఏమీ లేదనుకోకండి, 1924లోనే కామియాడ్ అనే ఆయన దిగువ గోదావరి ప్రాంతపు చిట్టి రాతి పనిముట్ల గురించి రాశాడు.

మొన్న స్థలం మెరక చెయ్యడానికి తోలించిన గ్రావెల్‌లో వాడికే ఇంకో ముక్క దొరికింది. దీనికి ఉబ్బుంది, అలలున్నాయి, ఒక అంచున వరసగా మూడు చిన్న పెచ్చులు కూడా లేచాయి. కడగబోతుంటే ఆపి, మట్టితోనే కాగితంలో చుట్టించాను. ఏ క్వారీదో, ఎంత లోతుదో తెలీకుండా ఏమీ అనలేం, అందుకే లారీ డ్రైవర్ నంబర్ తీసుకున్నాం, ఆదివారం వస్తానన్నాడు.