అమ్మడి జుట్టు, చివరి ఆయకట్టు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవులు అమ్మడికీ చంటికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్మడూ, ఆదివారం నువ్వు హాస్టల్ నుంచి అడిగిన ప్రశ్నకి ఫోన్లో జవాబు చెప్పడం కుదరలేదు. మీ వార్డెన్ ఇచ్చే టైములో సగం అమ్మమ్మ "ఏం తిన్నావే" అనడానికే సరిపోయింది. అందుకే ఉత్తరం. గుంటూరు నుంచి విజయవాడకి ఉత్తరమేంటని నవ్వకు, తీరిగ్గా చదువుకో.

నీ ప్రశ్న ఇదీ. వినాయక చవితి రోజుల్లో డెంగీ వచ్చింది, తగ్గింది. అప్పుడు జుట్టుకి ఏమీ కాలేదు. ఇప్పుడు సంక్రాంతి నెల పట్టాక, ఒంట్లో హాయిగా ఉన్న రోజుల్లో, దువ్వెన పెడితే చాలు గుప్పెడు వస్తోంది. రూములో పిల్లలంతా "హార్మోన్ ఇంబ్యాలెన్సే" అని తేల్చేశారు. నీకు టెన్షన్ పట్టుకుంది. అది విని చంటిగాడు ఇంకోటి అడిగాడు: "తాతయ్యా, హార్మోన్లు అమ్మాయిలకే ఉంటాయా?"

నీకూ ఉన్నాయిరా చంటీ. ఇంకొన్నాళ్ళలో నీ గొంతు బొంగురుపోతుంది, అదీ వాటి పనే. కాబట్టి ఇది అక్కకి రాసిన ఉత్తరమని పక్కన పెట్టకు.

"ఇలాంటివి మీరు రాయడమేంటండీ, మనమ్మాయి చెబుతుందిగా" అని అమ్మమ్మ సణిగింది. నెలసరి అన్న మాట దగ్గర నా పెన్ను ఆగిపోతుందని ఆవిడ అనుమానం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆస్పత్రి ల్యాబులో రక్తం తీసి రిపోర్టులు రాసినవాణ్ణి. ఆగదు.

మా నాన్న దుగ్గిరాల లాకుల దగ్గర లస్కరు. కృష్ణ మీద బ్యారేజీ దగ్గర బయలుదేరిన పడమటి కాలువ అక్కడికొచ్చి చీలుతుంది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది, దానికి ముందు 1855 నాటి ఆనకట్ట ఉండేది. పైనుంచి ఆర్డరు రాగానే షట్టర్లు ఎత్తడం, దించడం, నీటిమట్టం చూసి రిజిస్టరులో రాయడం నాన్న పని. ఆ రోజుల్లో లాకుల్లోంచి గూటి పడవలు పోయేవి. కొమ్మమూరు కాలువ పట్టుకుని పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో పడితే మద్రాసు దాకా పోవచ్చు. పడవ లాకులోకి రావడం, తలుపులు మూయడం, నీళ్ళు నిండుతుంటే పడవ మెల్లగా పైకి లేవడం... బడి ఎగ్గొట్టి గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. వీపు మీద తగిలినవి కూడా గుర్తున్నాయి.

నీకు చెప్పాల్సింది పడవల సంగతి కాదు, చివరి ఆయకట్టు సంగతి. కాలువ మొదట్లో ఉన్న పొలానికి నీళ్ళకి లోటుండదు. సముద్రం వైపు, కాలువ చివర ఉన్న భూములవాళ్ళకే కష్టం. పైన నీళ్ళు తగ్గాయంటే ముందు ఎండేది వాళ్ళ చేను. అదీ ఆ రోజే ఎండదు. చేలో ఉన్న తడితో కొన్నాళ్ళు పచ్చగానే ఉంటుంది, తర్వాత వాలిపోతుంది. అప్పుడు ఆ రైతు వాడిన మొక్క చేత్తో పట్టుకుని సైకిలేసుకుని లాకుల దగ్గరికి వచ్చేవాడు. "ఇవాళ నీళ్ళు కట్టేశారేంటయ్యా" అని పోట్లాట. నాన్న ఆ మొక్క వంక చూసేవాడు కాదు. రిజిస్టరు తీసి, పేజీలు వెనక్కి తిప్పేవాడు.

అమ్మడూ, మన ఒంట్లో జుట్టు చివరి ఆయకట్టు. గుండె, మెదడు, కాలేయం కాలువ మొదట్లో ఉన్న పొలాలు. డెంగీ లాంటి జ్వరం వచ్చినప్పుడు శరీరం ఉన్న నీళ్ళన్నీ వాటికి మళ్ళించి చివరి తూములు దించేస్తుంది. జుట్టు లేకపోయినా మనిషి బతుకుతాడని దానికి తెలుసు.

తల మీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. అన్నీ ఒకేసారి నాటినవి కావు, దేని లెక్క దానిది. ఒక్కో వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళ దాకా పెరుగుతుంది. ఆ తర్వాత సుమారు మూడు నెలలు పెరగకుండా ఊరికే ఉండి, రాలిపోతుంది. మామూలు రోజుల్లో పదింట తొమ్మిది పెరుగుతూ ఉంటాయి, రోజుకి 50 నుంచి 100 రాలుతుంటాయి, మనం పట్టించుకోం. పెద్ద జ్వరం వస్తే ఇంకా పెరగాల్సినవి కూడా బోలెడు ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. అవన్నీ రాలేది రెండు మూడు నెలల తర్వాత. నీ రిజిస్టరు వెనక్కి తిప్పి చూడు, చవితి దగ్గర ఆగుతుంది. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఆపరేషన్ అయినా, ఒక్కసారిగా తిండి మానేసి బరువు తగ్గినా, మనసుకి పెద్ద దెబ్బ తగిలినా ఇలాగే జరుగుతుంది. కుదుళ్ళు చావవు. కొన్ని నెలల్లో, మామూలుగా ఆరు నెలల లోపు, రాలడం తగ్గుతుంది. జుట్టు పెరిగేది నెలకి ఒక సెంటీమీటరు కాబట్టి జడ మళ్ళీ లావెక్కడానికి ఏడాది పైనే పడుతుంది. ఓపిక పట్టాలి.

మరి నీ స్నేహితురాళ్ళన్నది తప్పా? నీ విషయంలో అనుమానం డెంగీ మీదే. అలాగని హార్మోన్లని వదిలేయడానికీ లేదు.

ఒంట్లో కొన్ని గ్రంథులు రక్తంలోకి వదిలే సరుకే హార్మోన్లు. వాటినే కాలువ నీళ్ళనుకో. అవి తక్కువైతే ఏమవుతుందో అమ్మమ్మని చూసి తెలుసుకున్నాం. మే నెల్లో గుంటూరంతా ఉడికిపోతుంటే ఆవిడ ఫ్యాను తగ్గించమనేది. పొద్దున్నే లేస్తూనే నీరసం. జుట్టు పీచులా ఎండిపోయింది, కనుబొమల చివర్లు పలచబడ్డాయి. అందరూ బోరు నీళ్ళ ఉప్పన్నారు, ఏవేవో నూనెలు తెచ్చారు. అప్పుడు టీఎస్‌హెచ్ చేయించాను. ఎక్కువ వచ్చింది.

ఇక్కడ చాలామంది తికమక పడతారు. థైరాయిడ్ తక్కువైతే టీఎస్‌హెచ్ ఎక్కువ రావడమేంటని నన్ను ల్యాబులో అడగనివాళ్ళు లేరు. టీఎస్‌హెచ్ అనేది మెదడు కింద ఉన్న గ్రంథి మెడలోని థైరాయిడ్‌కి పంపే చీటీ. "నీళ్ళు చాలడం లేదు, షట్టరు ఎత్తు" అని. నీళ్ళు సరిగ్గా వస్తుంటే చీటీలు తక్కువ, రాకపోతే చీటీ మీద చీటీ. మామూలుగా అది 0.4 నుంచి 4 దాకా ఉంటుంది, ల్యాబుని బట్టి అటూ ఇటూ మారుతుంది. అమ్మమ్మకి డాక్టరు మాత్ర రాశారు. పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం బిళ్ళలు దానికి నాలుగు గంటలు ఎడంగా వేసుకోవాలి. కాఫీ ఆలస్యమవుతుందని ఆవిడకి ఇప్పటికీ కోపమే.

ఇక పిన్ని. కడుపుతో ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎక్కువై కాలువ నిండుగా పారుతుంది. రాలాల్సిన వెంట్రుకలు కూడా రాలకుండా నిలబడతాయి. సీమంతం ఫోటోలో పిన్ని జడ చూడండి. కాన్పు కాగానే ఆ నీళ్ళు ఒక్కసారి పడిపోతాయి, ఆగినవన్నీ రెండు మూడు నెలల తర్వాత కలిసి రాలతాయి. మా అమ్మ అనేది, బిడ్డ తల్లి మొహం చూసి నవ్వడం మొదలెడితే తల్లి జుట్టు రాలుతుందని. బిడ్డ నవ్వులో ఏమీ లేదు గానీ, ఆవిడ చెప్పిన వేళ మాత్రం సరిగ్గా సరిపోయింది చూశారా! బుజ్జిగాడి మొదటి పుట్టినరోజుకి చాలావరకు సర్దుకుంటుందని పిన్నికి చెప్పండి. అప్పటికీ తగ్గకపోతే థైరాయిడ్, రక్తహీనత చూపించుకోవాలి. కాన్పయ్యాక ఆ రెండూ రావడం మామూలే.

ఇప్పుడు మీ రూములో అందరూ భయపడే పీసీఓఎస్, అంటే హార్మోన్ల లెక్క తప్పి అండాశయాల పని, నెలసరి గాడి తప్పే సమస్య. మగ హార్మోన్లని మనం పిలిచేవి ఆడవాళ్ళ ఒంట్లోనూ కొద్దిగా ఉంటాయి, ఉండాలి కూడా. అవి మోతాదు మించితే వింత జరుగుతుంది. గడ్డం మీద, పెదవి పైన నూగు ముదిరి మందమవుతుంది. అదే హార్మోను నడినెత్తిన కుదుళ్ళని కుదించి జుట్టుని పలచన చేస్తుంది, పాపిట వెడల్పవుతుంది. ఒకే హార్మోను రెండు చోట్ల రెండు పనులు చేస్తుందా అంటే, నీళ్ళు నిలిస్తే వరి ఊగుతుంది, మిరప వేరు కుళ్ళి చస్తుంది. నీళ్ళు అవే, పైరు వేరు.

చాలామందిలో ఇన్సులిన్ కూడా ఎక్కువై, అండాశయాల చేత ఆ హార్మోన్లని ఇంకా ఎక్కువ చేయిస్తుంది. ఇక్కడ నా కాలువ పారదు, నేరుగా చెబుతాను. మెడ వెనక చర్మం నల్లగా మందంగా మారడం, మొటిమలు తగ్గకపోవడం, నెలసరి నెలల తరబడి రాకపోవడం, వీటితోపాటు జుట్టు పలచబడితే అప్పుడు అనుమానించాలి. 90 రోజులు దాటినా నెలసరి రాకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. కానీ అమ్మడూ, ఇది గుర్తుపెట్టుకో. మొదటి నెలసరి నుంచి 8 ఏళ్ళ లోపు ఆడపిల్లలకి స్కానింగులో అండాశయాల్లో "నీటి బుడగలు" కనిపించాయని పీసీఓఎస్ ముద్ర వేయకూడదని డాక్టర్ల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ వయసులో అవి మామూలుగానే కనిపిస్తాయి.

బరువు ఎక్కువున్నవాళ్ళు నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గినా చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. నడక, నిద్ర, అన్నం కాస్త తగ్గించి పప్పూ కూరా పెంచడం. అవసరమైతే డాక్టరు మాత్రలిస్తారు, వాటితో జుట్టులో మార్పు తెలియడానికి ఆరు నెలలైనా పడుతుంది. పాపిట పలచబడేవాళ్ళకి తలకి రాసుకునే మినాక్సిడిల్ ఉంది. అది మొదట బీపీకి ఇచ్చిన మందు, వాడినవాళ్ళకి ఒంటి మీద వెంట్రుకలు పెరుగుతుంటే చూసి తలకి పెట్టారు. మొదట్లో రాలడం కాస్త ఎక్కువవుతుంది, కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. నీకు దాంతో పని లేదు, మెడికల్ షాపులో అడగబోకు.

చంటీ, మీ క్లాసులో పెదవి పైన నూగున్న అమ్మాయిని మీసాలని వెక్కిరించారని మొన్న నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్ల అది కావాలని తెచ్చుకోలేదు. ఇకనుంచి ఎవరైనా వెక్కిరిస్తే నువ్వు నోరు మూసుకుని ఉండకు.

నూనె సంగతి అమ్మమ్మ రాయమంది. కొబ్బరినూనె వెంట్రుకని మృదువుగా ఉంచుతుంది, చిట్లకుండా కాపాడుతుంది. అంతవరకు మంచిదే. కాలువ ఎక్కడ ఆగిందో చూడకుండా తల మీద ఉల్లిపాయ రసం పోయడమంటే చివరి చేలో బిందెతో నీళ్ళు పోయడమే. గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందన్నదీ నిజం కాదు. దుర్గమ్మకి మొక్కుంటే తీర్చుకోండి, కుదుళ్ళ సంఖ్య మాత్రం మారదు. జడ మరీ బిగించకు, రోజూ లాగితే నుదుటి దగ్గర కుదుళ్ళు దెబ్బతింటాయి.

నువ్వు పొద్దున టిఫిన్ మానేసి క్లాసుకి పరుగెత్తుతున్నావని మీ అమ్మ చెప్పింది. నాకు హార్మోన్ల కంటే దాని మీదే ఎక్కువ అనుమానం. ఆడపిల్లల్లో రక్తహీనత మన దగ్గర చాలా ఎక్కువ, ఐరన్ తగ్గితే జుట్టు నిలవదు. గుడ్డు, పప్పు, మునగాకు, తోటకూర తిను, మీద నిమ్మకాయ పిండుకో. అన్నం తినగానే టీ తాగకు, అది ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్, టీఎస్‌హెచ్ చేయిద్దాం. ఫెర్రిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వ. జుట్టు కోసం నువ్వు తింటున్న ఆ బయోటిన్ గమ్మీలు మాత్రం పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు ఆపెయ్. అవి కొన్ని ల్యాబు పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్టుని తప్పుగా చూపిస్తాయి. ఆ రిపోర్టులు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళదాం. నా మాటతో ఆగొద్దు, నేను రక్తం తీసినవాణ్ణే గానీ వైద్యం చేసినవాణ్ణి కాను.

ఈలోగా ఒక పని చెయ్. ఊడిన వెంట్రుక ఒకటి కిటికీ వెలుగులో పట్టుకుని చూడు. కొసన చిన్న తెల్ల బొడిపె ఉంటుంది. కుదురే ఊడొచ్చిందని అందరూ హడలిపోతారు గానీ, అది విశ్రాంతి పూర్తయిన వెంట్రుక గుర్తు, కుదురు తలలోనే భద్రంగా ఉంది. తర్వాత నుదుటి అంచున నిక్కబొడుచుకున్న పొట్టి వెంట్రుకల్ని అద్దంలో చూసుకో. కొసలు సన్నగా మొనదేలి ఉంటే కొత్తగా మొలిచినవి, మొద్దుగా ఉంటే విరిగినవి. సరిగ్గా కనపడకపోతే స్నేహితురాలి చేత చూపించుకో. ఏవి ఎక్కువున్నాయో ఆదివారం ఫోన్లో చెప్పు, ముందు నాకు చెప్పు, తర్వాతే ఫోను అమ్మమ్మకి ఇస్తాను.

మీ తాతయ్య