ఇంధనం చవక, గాలి ఖరీదు

మన హైవేల మీద టాటా 1613 లారీని చూడని వాళ్లు ఉండరు. పదహారు టన్నుల బండి, 130 హార్స్‌పవర్ ఇంజన్. వాటిలో కొన్నింటికి ఇంజన్ జంషెడ్‌పూర్ నుంచి వచ్చింది. టాటా, కమిన్స్ కంపెనీలు 1993లో కలిసి పెట్టిన సంస్థ తయారుచేసిన ఇంజన్ అది. వరసగా ఆరు సిలిండర్లు, 5.9 లీటర్లు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్ అమెరికాలో 1989 మోడల్ నుంచి డాడ్జ్ రామ్ పికప్ ట్రక్కుల్లోకి ఎక్కింది. అక్కడ మొదట 160 హార్స్‌పవర్ ఇచ్చారు. 1996-98 మధ్య మాన్యువల్ గేరుబాక్సు ఉన్న బండికి 215 దాకా తీసుకెళ్లారు. ఇప్పుడు ముప్పై ఏళ్ల వయసున్న ఆ ట్రక్కులను కొనుక్కుని, ఇంటి షెడ్డులోనే 300, 400 హార్స్‌పవర్ లాగుతున్న వాళ్లు అమెరికాలో బోలెడంత మంది ఉన్నారు.

బ్లాకు అదే, సిలిండర్ల కొలతలూ అవే. మరి 130 నుంచి 400 దాకా ఇంత తేడా ఎలా వస్తోంది?

పెట్రోల్ ఇంజన్‌లో యాక్సిలరేటర్ తొక్కితే ముందు గాలి దారి తెరుచుకుంటుంది, ఆ గాలికి తగినంత పెట్రోలు పడుతుంది. డీజిల్ ఇంజన్‌లో గాలికి అడ్డే ఉండదు. సిలిండర్ ప్రతిసారీ పట్టినంత గాలి పీల్చుకుంటుంది. కాలు తొక్కితే పెరిగేది డీజిల్ మాత్రమే. అంటే ఈ ఇంజన్‌కు ఎంత పవర్ ఉండాలన్నది చాలావరకు ఒక్కోసారి ఎంత డీజిల్ చిమ్మనిస్తామన్న దాని మీద ఉంటుంది.

ఎంతో చూద్దాం. 215 హార్స్‌పవర్ అంటే 160 కిలోవాట్లు. ఇలాంటి ఇంజన్ ఒక కిలోవాట్ చొప్పున గంటసేపు పనిచేయడానికి సుమారు 220 గ్రాముల డీజిల్ తాగుతుంది. నిమిషానికి 2500 చుట్ల వద్ద ఆరు సిలిండర్లలోకీ కలిపి గంటకు నాలుగున్నర లక్షల సార్లు డీజిల్ చిమ్మాలి. భాగిస్తే ఒక్కో విడతకు దాదాపు 94 ఘన మిల్లీమీటర్లు వస్తుంది. మందు చుక్కల లెక్కలో, మిల్లీలీటరుకు 20 చుక్కలు అనుకుంటే, రెండు చుక్కల లోపే. 300 హార్స్‌పవర్‌కు ఇదే లెక్క వేస్తే 132 దగ్గర తేలుతుంది. అంటే ఒక్కో విడతకు ముప్పావు చుక్క ఎక్కువ చిమ్మితే 85 గుర్రాలు అదనంగా వచ్చి చేరతాయి!

ఆ ముప్పావు చుక్కను ఆపుతున్నది ఏమిటో చూడాలంటే పంపు మూత విప్పాలి. 1994 నుంచి 1998 మధ్య వచ్చిన రామ్ ట్రక్కుల్లో బాష్ పీ7100 అనే పంపు ఉంటుంది. అందులో కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు, ఉన్నదంతా ఉక్కే. మన పాత మెకానిక్‌లు ‘మైకో పంపు’ అని పిలిచే ఇన్‌లైన్ పంపులకు ఇది దగ్గరి చుట్టం. మైకో అన్నది బాష్ వాళ్ల భారతీయ కంపెనీకి 2008 దాకా ఉన్న పేరే. ఈ పంపులో సిలిండర్‌కు ఒకటి చొప్పున ఆరు ప్లంజర్లు, ఒక్కోటి 12 మిల్లీమీటర్ల లావు. ప్లంజర్ ఒంటి మీద ఏటవాలుగా ఒక గాడి చెక్కి ఉంటుంది. ప్లంజర్ పైకి లేస్తూ డీజిల్‌ను నొక్కుతుంది. ఆ గాడి పక్కనున్న రంధ్రం దాకా రాగానే ఒత్తిడి వదిలేస్తుంది, చిమ్మడం ఆగిపోతుంది. ర్యాక్ అనే కడ్డీ అటూ ఇటూ జరిగి ప్లంజర్‌ను తన చుట్టూ తాను కొద్దిగా తిప్పితే, గాడి రంధ్రాన్ని కలిసే చోటు మారుతుంది. దాంతో డీజిల్ పెరగడమో తగ్గడమో జరుగుతుంది.

కడ్డీ ఎంతవరకు జరగొచ్చో చెప్పేది, ఇంజన్ వేగాన్ని అదుపులో ఉంచే గవర్నర్ పైభాగంలో ఉండే ఒక చిన్న ఉక్కు పలక, ఫ్యూయల్ ప్లేట్. గవర్నర్ చేయి ఆ పలక అంచుకు తగిలి ఆగుతుంది. అంచును ఏ వంపులో కోశారో, ఏ వేగం దగ్గర ఎంత డీజిల్ అన్నది దాన్ని బట్టే ఉంటుంది. 12 మిల్లీమీటర్ల ప్లంజర్‌తో మన ముప్పావు చుక్క అదనంగా నెట్టాలంటే పనికొచ్చే స్ట్రోకు ఎంత పెరగాలి? మిల్లీమీటరులో మూడో వంతు. ఆకురాయి పట్టి ఆ పలక అంచును కాస్త అరగదీసినా చాలు, పవర్ మారిపోతుంది. పక్కనే ఏఎఫ్‌సీ అని ఇంకో భాగం ఉంటుంది. టర్బో (ఎగ్జాస్ట్ ఊపుతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నొక్కే పంఖా) గాలి అందుకోకముందే డీజిల్ ఎక్కువ పడకుండా ఒక డయాఫ్రం, ఒక స్ప్రింగు అడ్డుపడుతుంటాయి. దాని డబ్బాను బోల్టులు వదులు చేసి ముందుకు జరిపినా, లోపలి పళ్ల చక్రం తిప్పి స్ప్రింగు బిగువు మార్చినా బండి పికప్ మారుతుంది. ఇవన్నీ దాదాపు ఉచితం. అందుకే డబ్బు తక్కువ ఉన్న వాళ్ల చెయ్యి ముందు అక్కడికే పోతుంది. నన్నడిగితే ఆఖర్న పోవాల్సింది అక్కడికి.

ఎందుకంటే డీజిల్ పెంచడం తేలిక, దాన్ని కాల్చే గాలి తేవడం తేలిక కాదు. టర్బో లేకుండా ఈ ఇంజన్ 2500 చుట్ల వద్ద నిమిషానికి సుమారు 8 కిలోల గాలి పీలుస్తుంది. కిలో డీజిల్ కాలడానికి రసాయన లెక్క ప్రకారం పద్నాలుగున్నర కిలోల గాలి చాలు. కానీ ఇంజన్‌లో డీజిల్ చిమ్మి, ఆవిరై, గాలిలో కలిసి, కాలిపోవడానికి దొరికేది సెకనులో వందల వంతుల్లో కూడా కాదు, వేల వంతుల్లో. 2500 చుట్ల వద్ద క్రాంకు ఒక డిగ్రీ తిరగడానికి పట్టేది సెకనులో పదిహేను వేలో వంతు. ఆ హడావుడిలో ప్రతి చుక్కకూ తన వాటా గాలి దొరకదు. దొరకని చోట డీజిల్ సగం కాలి మసి అవుతుంది. పొగ కనిపించకుండా ఉండాలంటే కిలోకు ఇరవై కిలోల గాలి అయినా ఉండాలి. అలా చూస్తే టర్బో లేని 5.9 లీటర్లకు శుభ్రంగా వచ్చేది 145 హార్స్‌పవర్.

రామ్‌లో ఉన్న హోల్సెట్ హెచ్‌ఎక్స్35 టర్బో ఇరవై పీఎస్ఐ దాకా గాలి నొక్కుతుంది. ఒత్తిడి రెండింతలు దాటుతుంది, కానీ గాలి వేడెక్కుతుంది కూడా. ఇరవై డిగ్రీల గాలి టర్బో దాటేసరికి 135 డిగ్రీల దాకా పోతుంది. వేడి గాలి పలచన కాబట్టి వచ్చిన లాభంలో కొంత పోతుంది. ఇంటర్‌కూలర్ దాన్ని అరవై డిగ్రీలకు దించితే గాలి బరువు నిమిషానికి పదహారున్నర కిలోల దగ్గర తేలుతుంది. దానితో కాల్చగలిగిన డీజిల్‌కు లెక్క కడితే సరిగ్గా 300 హార్స్‌పవర్ ప్రాంతంలో ఆగుతుంది. కంపెనీ 215 దగ్గర ఆపింది. మధ్యలో ఉన్న ఆ 85, ఫ్యాక్టరీ టర్బోలోనే దాగి ఉన్న పవర్. దాన్ని దాటి డీజిల్ పోస్తే వచ్చేది పొగ, వేడి. పొగ వస్తేనే పవర్ వచ్చినట్టు అనుకునే వాళ్లు అమెరికాలోనూ ఉన్నారు, మన ఆటోనగర్‌లోనూ ఉన్నారు.

పొగ పరువు తీస్తుంది, వేడి ఇంజన్‌నే తీస్తుంది. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం, 600 డిగ్రీల లోపే మెత్తబడి కరగడం మొదలుపెడుతుంది. టర్బోకు ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో వాయువుల వేడి 680 డిగ్రీల సెల్సియస్ దాటి చాలాసేపు ఉండకూడదన్నది ఆ ట్రక్కుల వాళ్లు పాటించే హద్దు. వాయువు అంత వేడిగా ఉన్నా పిస్టన్ బతకడానికి కారణం, మంట తర్వాత ప్రతిసారీ చల్లగాలి మీద పడటం, కింది నుంచి ఇంజన్ ఆయిల్ చిమ్మడం. ‘చాలాసేపు’ అన్న మాటే ఇక్కడ కీలకం. పావు మైలు పందెంలో పదిహేను సెకన్లు 800 దాటినా పిస్టన్‌కు ఆ వేడి పూర్తిగా ఎక్కేలోపే పందెం అయిపోతుంది. అదే కొలరాడోలో ఐ-70 హైవే మీద ట్రైలర్ లాగుతూ ఐసెన్‌హోవర్ టన్నెల్ ఎక్కుతున్నప్పుడు కాలు పది నిమిషాలు నొక్కే ఉంచాలి. టన్నెల్ 3,400 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ గాలి సముద్రమట్టం కన్నా దాదాపు మూడో వంతు పలచన. కింద మైదానంలో శుభ్రంగా నడిచిన బండి అక్కడ నల్లగా కక్కుతుంది, ఎగ్జాస్ట్ వేడి చూపే గేజు ముల్లు ఎర్ర గీత దాటుతుంది.

ఆ ముల్లు ఉంటేనే కదా! అందుకే పవర్ కోసం పెట్టే ఖర్చులో మొదటిది పవర్ ఇవ్వని పైరోమీటర్ (ఎగ్జాస్ట్ వేడి కొలిచే గేజు), దాని పక్కన టర్బో ఒత్తిడి చూపే బూస్ట్ గేజ్. రెండూ కలిపి కొన్ని వందల డాలర్లలో అయిపోతాయి. వాటికన్నా ముందు ఇంకో పని ఉంది, దానికి అక్కడి వాళ్లు ‘కిల్లర్ డవల్ పిన్’ అని భయపెట్టే పేరే పెట్టారు. టైమింగ్ గేర్ల పెట్టెను సరైన చోట నిలపడానికి బిగించిన చిన్న ఉక్కు పిన్ అది. ఏళ్ల తరబడి అదురుకు కొద్దికొద్దిగా బయటికి జరిగి, ఒకరోజు గేర్ల మధ్య పడుతుంది. గేర్లు విరిగినా, పెట్టె పగిలినా ఇంజన్ ఖర్చు ట్రక్కు ఖర్చు అవుతుంది. దానికి మందు, పక్క బోల్టు కింద పిన్ మీదకు వచ్చేలా బిగించే ఒక రేకు ముక్క. రేకు ఖరీదు ఏమీ లేదు, ముందున్న భాగాలన్నీ విప్పే శ్రమే ఉంది. డీజిల్ ఫిల్టర్, ట్యాంకు నుంచి డీజిల్ తెచ్చే లిఫ్ట్ పంపు ఒత్తిడి, రేడియేటర్, నాజిళ్లు కూడా ఈ దశలోనే చూసుకోవాలి.

ఆ తర్వాత గాలి లోపలికి, బయటికి పోయే దారులు. ఎయిర్ ఫిల్టర్ మంచిది పెట్టి, ఇంటర్‌కూలర్ గొట్టాల్లో లీకులు మూసి, ఎగ్జాస్ట్ గొట్టం లావుది వేస్తే టర్బో వెనక ఒత్తిడి తగ్గి వేడి కొన్ని పదుల డిగ్రీలు దిగుతుంది. అప్పుడు గానీ ఫ్యూయల్ ప్లేట్ జోలికి పోకూడదు. పోయినప్పుడు కూడా కొద్దిగా జరిపి, లోడుతో ఎత్తు ఎక్కించి, ముల్లు చూసి, మళ్లీ కొద్దిగా. పంపు టైమింగ్ ముందుకు జరపడం ఇంకో మార్గం. డీజిల్ ముందే చిమ్మితే పిస్టన్ పైన ఉండగానే ఎక్కువ భాగం కాలిపోతుంది, ఎగ్జాస్ట్ వేడి తగ్గుతుంది. కానీ సిలిండర్‌లో ఒత్తిడి శిఖరం పెరుగుతుంది, దాని దెబ్బ సిలిండర్ల పైమూత (హెడ్) కింద ఉండే గాస్కెట్ మీద పడుతుంది. గేజ్ చల్లగా చూపిస్తోందని ఇంకా ఇంకా జరిపితే హెడ్ లేచేది అందుకే.

ఈ క్రమం మొత్తాన్ని తలకిందులు చేసే సంగతి ఒకటుంది, గేరుబాక్సు. 300 హార్స్‌పవర్ 2500 చుట్ల వద్ద అంటే టార్కు (తిప్పే బలం) 850 న్యూటన్ మీటర్లు; తక్కువ చుట్ల వద్ద ఇంకా ఎక్కువే. ఫ్యాక్టరీ ఇచ్చింది సుమారు 600. మాన్యువల్ బండిలో ముందు జారేది క్లచ్ ప్లేటు. అది మార్చుకోవచ్చు, మరీ ఖరీదేం కాదు. ఆటోమేటిక్ అయితే వేరే కథ. ఆ 1996-98 బండ్లలోనే అదే ఇంజన్‌కు ఆటోమేటిక్‌లో 180 మాత్రమే ఇచ్చారంటే గేరుబాక్సు ఎంత తట్టుకుంటుందో కంపెనీకి తెలుసన్నమాట. పవర్ పెంచితే ఇంజన్‌ను గేరుబాక్సుకు కలిపే టార్క్ కన్వర్టర్ లోపలి క్లచ్ జారుతుంది, ఆయిల్ మాడుతుంది. గట్టి గేరుబాక్సు కట్టించాలంటే ఇంజన్ మీద అప్పటిదాకా పెట్టిందంతా కలిపినా సరిపోదు, వేల డాలర్లు. కాబట్టి ఆటోమేటిక్ కొన్నవాళ్లు డీజిల్ పెంచకముందే ఆ డబ్బు పక్కన పెట్టుకోవాలి. లేకపోతే 180 దగ్గరే సంతోషంగా ఉండాలి. పాత రామ్ కొనేటప్పుడు మాన్యువల్ బండికి ఎక్కువ ధర పలకడానికి ఇదో కారణం.

300 దాటాలంటే పెద్ద టర్బో, పెద్ద ఇంజెక్టర్లు, హెడ్ బోల్టుల బదులు గట్టి స్టడ్లు. అక్కడి నుంచి ప్రతి హార్స్‌పవర్ ఖరీదు పెరుగుతూ పోతుంది. బరువు లాగే బండికి నా ఓటు 300 దగ్గరే.

ఇదంతా 1998 దాకా వచ్చిన మెకానికల్ పంపు బండ్ల కథ. 2007 తర్వాతి ట్రక్కుల్లో మసి ఫిల్టర్లు ఉన్నాయి. వాటిని పీకేసి కంప్యూటర్‌ను మాయ చేయడం పవర్‌కు దగ్గరి దారి. అమెరికా క్లీన్ ఎయిర్ చట్టం దాన్ని నిషేధిస్తుంది. పదేళ్లలో ఐదున్నర లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల నుంచి ఈ పరికరాలు తీసేశారని అక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో అంచనా వేసింది. కమిన్స్ కంపెనీయే 2013-19 రామ్ ట్రక్కుల్లో ఇలాంటి సాఫ్ట్‌వేర్ పెట్టిందన్న ఆరోపణ మీద 167.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకుంది. మన దగ్గర మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చొద్దంటుంది. 1613 పంపు సీలు తెంచి డీజిల్ పెంచే వాళ్లకు ఇది గుర్తుండదు.

బడ్జెట్‌లో ఇంకా మిగిలితే పెట్టాల్సింది ఆగడం మీద. డీజిల్ ఇంజన్‌లో గాలికి అడ్డు లేదు కాబట్టి కాలు తీసినా బండిని పెద్దగా పట్టి ఆపదు. ఘాట్ దిగుతున్నప్పుడు భారమంతా బ్రేక్ డ్రమ్ముల మీద, డిస్కుల మీద పడుతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ పెడితే గొట్టంలో ఒక పలక మూసుకుని, ఇంజన్ తన పొగను తానే నొక్కుతూ బండిని నిదానింపజేస్తుంది. అయితే ఆ వెనక ఒత్తిడికి ఎగ్జాస్ట్ వాల్వులు వాటంతట అవే తెరుచుకోకుండా ఫ్యాక్టరీ స్ప్రింగుల బదులు అరవై పౌండ్ల స్ప్రింగులు వేయాలి. గవర్నర్ స్ప్రింగులు మార్చి ఇంజన్‌ను 3000 చుట్లు దాటించాలనుకునే వాళ్లకూ అవే స్ప్రింగులు కావాలి. అక్కడ వాల్వులు కామ్‌ను వదిలి తేలిపోకుండా పట్టేది అవే. వాల్వ్ కవర్లు ఎలాగూ విప్పుతారు కనుక రెండు పనులూ ఒకేసారి కానిచ్చేస్తే ఒక ఆదివారం కలిసొస్తుంది.