సైతాను ట్రిల్, మూడో స్వరం

అరచేతిని బల్ల మీద ఆనించండి. నడిమి వేలిని లోపలికి మడిచి, ఉంగరపు వేలిని మాత్రం పైకి లేపి చూడండి. దాదాపుగా లేవదు. బలం చాలక కాదు. వేళ్లను పైకి లాగే స్నాయువులు చేతి వెనక ఒకదానికొకటి అడ్డపోగులతో కలిసి ఉంటాయి. ఒకటి బిగిస్తే పక్కదానికి కదిలే వీలుండదు. జుసెప్పె తార్తీని రాసిన జి మైనర్ వయొలిన్ సొనాటా (కొన్ని భాగాలుగా సాగే పాశ్చాత్య వాద్య రచన) సరిగ్గా ఈ ముడితోనే పేచీ పెట్టుకుంటుంది.

తార్తీని 1692లో పిరానోలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు స్లొవేనియాలో ఉంది. తర్వాత ఇటలీలోని పాదువాలో స్థిరపడ్డాడు. 1713లో కలలో సైతాను వచ్చి తన వయొలిన్ మీద అద్భుతంగా వాయించాడనీ, లేవగానే గుర్తున్నంత రాసుకున్నాననీ ఆయన చెప్పినట్టు ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు లాలాండ్ రాశాడు. అందుకే దానికి 'సైతాను ట్రిల్' అని పేరు. శైలిని బట్టి అది చాలా ఏళ్ల తర్వాతి రచన అని పరిశోధకుల మాట. కథ బాగుంది గానీ, సాధనకు కూర్చున్నవాళ్లకు అది ఒక్క వేలిని కూడా కదిలించి పెట్టదు.

ట్రిల్ అంటే పక్కపక్క స్వరాలు రెండింటిని వేగంగా మార్చి మార్చి పలికించడం. ఈ సొనాటా చివరి భాగంలో ఒక తీగ మీద అది ఆగకుండా సాగుతుంటే, మిగిలిన వేళ్లు పక్క తీగ మీద వేరే వరస వాయించాలి. కర్ణాటక పద్ధతిలో వయొలిన్ తలను పాదం మీద ఆనిస్తాం కాబట్టి చెయ్యి హాయిగా జారుతుంది. ఇక్కడ చెయ్యి నిలిచి ఉండాలి, వేళ్లే ఆడాలి. మొదట్లో ఒక వేలిని కదిలించబోతే పక్క వేళ్లు కూడా బిగుసుకుంటాయి. తొందరపడి వేగం పెంచితే మెదడు ఆ బిగువును కూడా పాఠంలో భాగంగానే నేర్చేసుకుంటుంది.

1760లో శిష్యురాలు మద్దలేనా లొంబార్దీనికి రాసిన ఉత్తరంలో తార్తీని ట్రిల్‌ను మూడు వేగాల్లో సాధన చేయమన్నాడు: అడాజియో, అందాంతె, ప్రెస్తో. అంటే నెమ్మది, మధ్యమం, ద్రుతం. మన మూడు కాలాల సాధన గుర్తొస్తుంది.

నెమ్మదిగా వాయించడంలో ఇంకో లాభం ఉంది, నాకైతే అదే పెద్దది. రెండు తీగలు కలిపి మోగిస్తే, రెండు పౌనఃపున్యాల తేడాకు సరిపడా మూడో స్వరం మంద్రంగా వినిపిస్తుంది. దీన్ని 1714లోనే గమనించానని తార్తీని చెప్పుకున్నాడు, 1754లో తన గ్రంథంలో వివరించాడు. 440 హెర్ట్జ్ షడ్జం, 550 అంతర గాంధారం కలిస్తే 110 పలుకుతుంది. అది రెండు స్థాయిల కింది షడ్జమే. గాంధారం 554కు జరిగిందనుకోండి, పైన తప్పు ఒక శాతం కూడా కాదు. కింద మాత్రం 110 కాస్తా 114 అవుతుంది, అంటే దాదాపు నాలుగు శాతం. చిన్న అపశ్రుతిని భూతద్దంలో చూసినట్టే. ఈ స్వరం ఎక్కువగా మన లోపలి చెవిలోనే పుడుతుంది. కొంత వయొలిన్ నుంచే వస్తుందని ఈమధ్య కొలతల్లో తేలింది.

అందుకే జంట తీగల దగ్గర నేను ట్యూనర్ యాప్ ఆపేసి, కింది షడ్జం కోసం వింటాను. శ్రుతి కుదురుతోంది. ఉంగరపు వేలు మాత్రం ఇంకా అడాజియో దాటలేదు.